వారానికి నాలుగు పౌండ్లు: జిమ్మీ స్పియర్స్ ఆట, బతుకు

సభకు నమస్కారం.

వారానికి 4 పౌండ్లు. ఈ అంకె దగ్గర మొదలుపెడతాను. 1901 నుంచి ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ ఆడి బతికే మనిషి, ఎంతటి ఆటగాడైనా సరే, వారానికి ఇంతకు మించి జీతం తీసుకోకూడదని నియమం ఉండేది. 1910లో దాన్ని కాస్త సడలించి, ఒకే క్లబ్బులో కొన్నేళ్లు పనిచేసినవారికి 5 పౌండ్ల దాకా ఇవ్వవచ్చన్నారు. ఆ రోజుల్లో చేయి తిరిగిన పనివాడికి వారానికి రెండు పౌండ్లకు అటూ ఇటూ వచ్చేది. అంటే ఫుట్‌బాల్ ఆటగాడు పేదవాడు కాడు, ధనవంతుడూ కాడు. కాళ్లు బాగున్నంత కాలం పక్కింటి ఫిట్టరుకంటే మెరుగ్గా బతికే కార్మికుడు. కాలు విరిగిన రోజున ఆ ఫిట్టరు పనే నయమనిపించేది.

ఈ సాయంత్రం అలాంటి ఒక కార్మికుడి గురించి చెబుతాను. పేరు జేమ్స్ హామిల్టన్ స్పియర్స్. జిమ్మీ స్పియర్స్ అనేవారు. స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో 1886 మార్చి 22న పుట్టాడు. అతని గురించి ఎవరు రాసినా రెండే సంగతులు రాస్తారు: 1911లో కొట్టిన ఒక గోలు, 1917లో తగిలిన ఒక ఫిరంగి గుండు తునక. ఆ గోలుకు ముందు, ఆ గోలుకూ ఆ గుండుకూ నడుమ, పదేళ్లపాటు వారం వారం అతను చేసిన పని ఉంది. రెండు ఘట్టాలూ కలిసి ఆ పనిని మింగేశాయి. నాకది అన్యాయంగా తోస్తుంది. అందుకే గోలు గురించి చెబుతాను, గుండు గురించీ చెబుతాను, కానీ ఎక్కువసేపు పని దగ్గరే ఉంటాను.

ఈ పట్టుదల నాకు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పాలి. మా మేనమామ రైల్వేలో గుమాస్తా. కానీ ఆయనకు ఆ కొలువు దొరికింది ఫుట్‌బాల్ ఆడినందుకు. పొద్దున రిజిస్టరులో సంతకం, సాయంత్రం మైదానం. మన దేశంలో ఆటగాళ్లు చాలాకాలం ఇలాగే బతికారు. సయ్యద్ అబ్దుల్ రహీం గారు తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు సంగతి ఇక్కడున్న పెద్దలకు నేను చెప్పనక్కర్లేదు. వారి జీతం పోలీసు జీతం, వారి పేరు ఫుట్‌బాల్‌తో వచ్చిన పేరు. మన దగ్గర ఆటగాడికి ఉద్యోగం ఇచ్చి ఆడించారు. స్పియర్స్ కాలానికే బ్రిటన్‌లో ఆటే ఉద్యోగం అయింది. ఉద్యోగం అన్నాక యజమాని ఉంటాడు, ఒప్పందం ఉంటుంది, అమ్మకం కూడా ఉంటుంది. ఆ అమ్మకం దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు గ్లాస్గో. స్పియర్స్ పుట్టింది గోవన్‌హిల్‌లో. ఆ పేట పక్కనే డిక్సన్ ఇనుప కార్ఖానా ఉండేది. రాత్రిళ్లు దాని కొలుముల మంట ఆకాశాన్ని ఎర్రగా చేసేదని, జనం ఆ కార్ఖానాను డిక్సన్ మంటలనే పిలిచేవారు. ఓడలు, రైలింజన్లు, ఇనుము: ఊరంతా ఇదే పని. శనివారం మధ్యాహ్నం సగం పూట సెలవు. ఆ సగం పూటలో ఊరంతా ఫుట్‌బాల్. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ప్రపంచంలోకెల్లా పెద్ద ఫుట్‌బాల్ మైదానాలు మూడూ, ఐబ్రాక్స్, సెల్టిక్ పార్క్, హాంప్‌డెన్, ఆ ఒక్క ఊళ్లోనే ఉండేవి. 1908లో స్కాట్లండ్, ఇంగ్లండ్ జట్ల మ్యాచ్‌కు హాంప్‌డెన్‌లో 1,21,000 మందికి పైగా వచ్చారు. ఇంతమంది జనం ఒక ఆట కోసం ఒకచోట చేరడం అప్పటికి ప్రపంచానికి కొత్త.

స్కాట్లండ్ ఆటకు తనదైన ఒక పద్ధతి ఉండేది. తొలినాళ్లలో ఇంగ్లండ్‌లో బంతి దొరికినవాడు తల వంచుకుని సూటిగా దూసుకుపోయేవాడు, మిగతావాళ్లు వెనక పరుగెత్తేవారు. గ్లాస్గోలోని క్వీన్స్ పార్క్ క్లబ్బు ఆటగాళ్లు బంతిని ఒకరికొకరు అందించుకుంటూ ముందుకు సాగడం నేర్పారు. 1872 నవంబర్ 30న గ్లాస్గోలో జరిగిన మొట్టమొదటి అంతర్జాతీయ మ్యాచ్‌లో స్కాట్లండ్ తరఫున ఆడిన పదకొండుమందీ క్వీన్స్ పార్క్ వాళ్లే. బరువులోనూ ఎత్తులోనూ తమను మించిన ఇంగ్లండ్ వాళ్లను గోలు కొట్టనివ్వలేదు. ఆ తర్వాత ఇంగ్లండ్‌లో ఉత్తరాది మిల్లుల ఊళ్ల క్లబ్బులు స్కాట్‌ల కోసం ఎగబడ్డాయి. పైకి మిల్లులో ఉద్యోగం, లోపల ఆటకు డబ్బు. ఈ చాటుమాటు వ్యవహారం భరించలేకే 1885లో ఇంగ్లండ్‌లో ఆటకు జీతం తీసుకోవడాన్ని చట్టబద్ధం చేశారు. స్కాట్లండ్ మాత్రం 1893 దాకా ఒప్పుకోలేదు. దక్షిణానికి వెళ్లిన స్కాట్ ఆటగాళ్లను ఇంగ్లండ్‌లో ప్రొఫెసర్లు అనేవారు. పాఠం చెప్పడానికి వచ్చినవాళ్లన్నమాట.

స్పియర్స్ ఆ సంప్రదాయంలో పెరిగినవాడు. అన్నండేల్ అనే చిన్న జట్టు, ఆ తర్వాత మేరీహిల్ అనే జూనియర్ క్లబ్బు. స్కాట్లండ్‌లో జూనియర్ అంటే వయసు తక్కువని కాదు, పెద్ద లీగ్‌కు కింది మెట్టని. ఇనుప కార్ఖానాల్లో, గనుల్లో పనిచేసే బలమైన మగవాళ్లు ఆడే ఆట అది. అక్కడ నిలిచినవాడు ఎక్కడైనా నిలుస్తాడు. 1905లో గ్లాస్గోలోని పెద్ద క్లబ్బు రేంజర్స్ అతన్ని తీసుకుంది. పందొమ్మిదేళ్ల కుర్రవాడికి అంతకంటే ఏం కావాలి?

కావలసింది ఒకటే, అది దొరకలేదు. స్పియర్స్ రేంజర్స్‌లో ఉన్న మూడేళ్లూ స్కాట్లండ్ లీగ్ గెలిచింది అదే ఊళ్లోని పోటీ క్లబ్బు సెల్టిక్. 1905 నుంచి 1910 వరకు వరుసగా ఆరుసార్లు సెల్టిక్ గెలిచింది. అతను ఇన్‌సైడ్ ఫార్వర్డ్. ఆనాటి అమరికలో ఐదుగురు ఫార్వర్డ్‌లు వరుసగా ఆడేవారు. అంచుల్లో ఇద్దరు పరుగు వీరులు, నడుమ గోలు కొట్టేవాడు, ఈ ముగ్గురికీ మధ్య సందుల్లో ఇద్దరు. ఆ ఇద్దరే ఇన్‌సైడ్ ఫార్వర్డ్‌లు. వెనక్కి వచ్చి బంతి తీసుకోవాలి, కుదురుగా అంచుకు అందించాలి, మళ్లీ ముందుకు పరుగెత్తి గోలు ముందు తలెత్తి నిలబడాలి. జట్టులో అందరికంటే ఎక్కువ నేల తొక్కేది వీళ్లే. పైగా ఆ రోజుల్లో ఆఫ్‌సైడ్ నియమం చాలా కఠినం. బంతి అందుకునేవాడికి, గోలు గీతకు మధ్య ఎదుటి జట్టువాళ్లు ముగ్గురైనా ఉండాలి. 1925 దాకా అదే నియమం. కాబట్టి అడుగు ముందు వేయాలా, ఆగాలా అన్న లెక్క ప్రతి క్షణం బుర్రలో నడవాలి. ఇది చూసేవాళ్లకు కనిపించే పని కాదు. అందుకే నేను దీని దగ్గర ఆగాను.

1908 మార్చి 7న డండీలోని డెన్స్ పార్క్‌లో వేల్స్‌తో జరిగిన మ్యాచ్‌లో స్పియర్స్ స్కాట్లండ్ తరఫున ఆడాడు. స్కాట్లండ్ 2-1తో గెలిచింది. దేశం తరఫున అతను ఆడింది ఆ ఒక్కసారే. ఒక్కసారే అనగానే చిన్నచూపు చూడకండి. అప్పట్లో స్కాట్లండ్ ఏడాదికి మూడే మ్యాచ్‌లు ఆడేది: ఇంగ్లండ్‌తో ఒకటి, వేల్స్‌తో ఒకటి, ఐర్లండ్‌తో ఒకటి. ఇన్‌సైడ్ ఫార్వర్డ్ చోటుకు హార్ట్స్ క్లబ్బు బాబీ వాకర్, సెల్టిక్ క్లబ్బు జిమ్మీ మెక్‌మెనమీ లాంటివాళ్లు ఉన్నారు. ఆ వరుసలో ఒక్కరోజు నిలబడటమే గొప్ప.

అదే ఏడాది రేంజర్స్ వదిలి, గ్లాస్గోలోనే క్లైడ్ అనే చిన్న క్లబ్బుకు వెళ్లాడు. పెద్ద క్లబ్బు నుంచి చిన్న క్లబ్బుకు పోవడం దిగజారడమే అనుకుంటాం. కానీ 1908-09లో క్లైడ్ లీగ్‌లో మూడో స్థానంలో నిలిచింది, రేంజర్స్ దాని వెనక నాలుగో స్థానంలో ఉండిపోయింది. ఆ ఏడాది ఆట చూసే ఇంగ్లండ్ నుంచి పిలుపు వచ్చింది. 1909 వేసవిలో స్పియర్స్ బ్రాడ్‌ఫర్డ్ చేరాడు.

బ్రాడ్‌ఫర్డ్ గురించి కొంచెం వివరంగా చెప్పనివ్వండి. ఈ ఊరు తెలియకపోతే ఆ క్లబ్బు అర్థం కాదు. యార్క్‌షైర్‌లో ఊలు మిల్లుల రాజధాని అది. మానింగ్‌హామ్ అనే పేటలో లిస్టర్ మిల్లు అని ఒక మహా కట్టడం ఉంది, పట్టు, వెల్వెట్ నేసేవారు. 1890 డిసెంబర్‌లో యజమాని కూలి తగ్గిస్తానన్నాడు. వేలమంది, అందులో ఎక్కువమంది ఆడవాళ్లు, పని మానేసి నెలల తరబడి నిలబడ్డారు. ఆకలికి ఓడి 1891 వసంతంలో తిరిగి మగ్గాల దగ్గరికి వెళ్లారు. ఆ ఓటమి నుంచే ఆ ఊళ్లో కార్మికులకు సొంత పార్టీ కావాలన్న ఆలోచన బలపడింది. 1893లో ఇండిపెండెంట్ లేబర్ పార్టీ పుట్టింది బ్రాడ్‌ఫర్డ్‌లోనే.

ఆ పేటలో మానింగ్‌హామ్ పేరుతో ఒక రగ్బీ క్లబ్బు ఉండేది. రగ్బీ పెద్దలు ఆటగాడికి పైసా ఇవ్వకూడదనేవారు. ఉత్తరాది క్లబ్బులవాళ్లు అడిగింది జీతం కూడా కాదు. శనివారం ఆట కోసం పని మానుకున్న మిల్లు కార్మికుడికి పోయిన కూలి ఇద్దామన్నారు, అంతే. పెద్దలు ససేమిరా అన్నారు. 1895లో ఉత్తరాది క్లబ్బులు విడిపోయి సొంత సంఘం పెట్టుకున్నాయి. ఆ సంఘం మొదటి విజేత ఈ మానింగ్‌హామే. తర్వాత డబ్బు ఇబ్బందులు వచ్చి, 1903లో ఆ క్లబ్బు రగ్బీ వదిలి ఫుట్‌బాల్‌కు మారింది. పేరు బ్రాడ్‌ఫర్డ్ సిటీ. ఒక్క మ్యాచ్ కూడా ఆడకముందే లీగ్‌లో చోటు దొరికింది. అంటే స్పియర్స్ ఆడటానికి వెళ్లిన వ్యాలీ పెరేడ్ మైదానం, పోయిన పూట కూలి కోసం జరిగిన తగువులో ఆరితేరిన నేల. దీన్ని నేను కాకతాళీయం అనుకోను. పనిచేసేవాడి ఊళ్లో, పనిచేసేవాడి క్లబ్బు అది.

1908లో రెండో డివిజన్ గెలిచి ఆ క్లబ్బు మొదటి డివిజన్‌కు ఎదిగింది. మేనేజరు పీటర్ ఓ'రూర్క్ కూడా స్కాట్లండ్‌వాడే. ఏరి ఏరి స్కాట్‌లను తెచ్చుకున్నాడు. స్పియర్స్‌ను నాయకుడిని చేశారు. 1910-11లో బ్రాడ్‌ఫర్డ్ సిటీ లీగ్‌లో ఐదో స్థానంలో నిలిచింది. నూరేళ్లు దాటినా ఆ క్లబ్బు అంతకంటే పైకి వెళ్లలేదు.

అదే ఏడాది ఎఫ్.ఏ. కప్పు, అంటే ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం నడిపే నాకౌట్ పోటీ. ఇక్కడ కప్పు గురించి కూడా ఒక ముక్క చెప్పాలి. మొదటి కప్పు 1895లో బర్మింగ్‌హామ్‌లో ఒక దుకాణం కిటికీలో ప్రదర్శనకు పెడితే దొంగలు ఎత్తుకుపోయారు. రెండో కప్పు నమూనాపై సంఘానికి హక్కు లేకపోయింది, దాన్ని చూసి ఎవరైనా చేయించుకోవచ్చు. అందుకని దాన్ని పక్కనపెట్టి, 1911లో 50 గినీలు పెట్టి కొత్తది చేయించారు. చేసినవాళ్లు ఫట్టోరీనీ అనే నగల వ్యాపారులు, బ్రాడ్‌ఫర్డ్‌వాళ్లు. ఊరివాళ్లు చేసిన కప్పును మొదటి ఏడాదే ఊరి జట్టు గెలిచింది. ఇప్పటికీ టీవీలో చూసే ఆ వెండి కప్పు ఆ నమూనాదే.

గెలిచిన తీరు చూడండి. న్యూ బ్రాంప్టన్‌పై 1-0. నారిచ్‌పై 2-1. గ్రిమ్స్‌బీపై 1-0. బర్న్‌లీపై 1-0. సెమీఫైనల్లో బ్లాక్‌బర్న్‌పై 3-0. ఫైనల్లో న్యూకాసిల్ యునైటెడ్. ఆ దశాబ్దంలో ఇంగ్లండ్‌లోనే గట్టి జట్టు అది. ఏడేళ్లలో ఐదో ఫైనల్ ఆడుతోంది, కిందటేడు కప్పు వాళ్లదే. ఏప్రిల్ 22న లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్‌లో రెండు జట్లూ గోలు లేకుండా ముగించాయి. నాలుగు రోజుల తర్వాత, 26న బుధవారం, మాంచెస్టర్‌లోని ఓల్డ్ ట్రాఫోర్డ్‌లో మళ్లీ ఆడారు. 58,000 మంది చూశారు. బుధవారం అంటే పనిరోజు. మిల్లు మానుకుని వచ్చినవాళ్లకు ఆ పూట కూలి పోయింది. అయినా వచ్చారు.

పదిహేనో నిమిషం. న్యూకాసిల్ గోలు ముందు బంతి గాలిలోకి లేచింది. స్పియర్స్ తలతో కొట్టాడు. బలమైన దెబ్బ కాదు. కానీ సెంటర్ ఫార్వర్డ్ ఫ్రాంక్ ఓ'రూర్క్ గోల్‌కీపర్ జిమ్మీ లారెన్స్ వైపు దూసుకుపోయాడు. లారెన్స్ చూపు క్షణం చెదిరింది. బంతి వలలోకి వెళ్లింది. మిగిలిన డెబ్బై అయిదు నిమిషాలూ బ్రాడ్‌ఫర్డ్ కాచుకుంది. సెంటర్ హాఫ్ బాబ్ టొరెన్స్, మొదటి మ్యాచ్‌లో ఆడినవాడు కాడు, ఆ రోజు కొత్తగా దిగాడు, కొండలా నిలబడ్డాడు. ఏడు మ్యాచ్‌ల్లో ఆ జట్టు గోల్‌లోకి వెళ్లింది ఒక్క బంతి. స్పియర్స్ కప్పు ఎత్తాడు.

ఆ రోజు గెలిచిన పదకొండుమందిలో ఎనిమిదిమంది స్కాట్‌లు. ఓడిన న్యూకాసిల్‌లో కూడా లారెన్స్, విల్ఫ్ లో, శాండీ హిగ్గిన్స్, జార్జ్ విల్సన్ స్కాట్‌లే. ఇంగ్లండ్ కప్పు, ఇంగ్లండ్ మైదానం, ఆడింది సగానికి పైగా సరిహద్దు దాటి కూలికి వచ్చినవాళ్లు. మన పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి దూరాలకు పనికి వెళ్లిన ఇళ్లలో పెరిగినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

ఆ గోలు పడిన మూడు నెలలకు, 1911 జూలై 29న, కలకత్తాలో మోహన్ బగాన్ జట్టు ఐ.ఎఫ్.ఏ. షీల్డ్ ఫైనల్లో 2-1తో గెలిచింది. మనలో చాలామందికి ఆ కథ కంఠతా వచ్చు. ఒక్కడు తప్ప అందరూ వట్టికాళ్లతో ఆడారు. కానీ ఓడింది ఎవరో గుర్తుందా? ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటు. స్పియర్స్ కప్పు గెలిపించింది కూడా యార్క్‌షైర్ ఊరినే. ఒకే ఏడాది, ఒకే ఆట. అక్కడివాడు జీతానికి ఆడాడు, ఇక్కడివాడు ఆఫీసు పని ముగించుకుని పైసా లేకుండా ఆడాడు. రెండింటిలో ఏది పవిత్రం అన్న చర్చ నాకు ఇష్టం లేదు. జీతం తీసుకున్నవాడి చెమట తక్కువ చెమట కాదు.

తర్వాతి ఏడాది కూడా ఆ జట్టు గోడలాగే ఉంది. రెండు సీజన్లు కలిపి వరుసగా పన్నెండు కప్పు మ్యాచ్‌ల్లో ఒక్క గోలు ఇవ్వలేదు. ఆ రికార్డు ఇప్పటికీ ఉంది. చివరికి బార్న్స్‌లీతో మూడుసార్లు గోలు లేకుండా ముగిసి, నాలుగోసారి 3-2తో ఓడింది. ఆ బార్న్స్‌లీయే ఆ ఏడాది కప్పు గెలిచింది.

ఇప్పుడు అమ్మకం. 1912 డిసెంబర్‌లో స్పియర్స్‌ను 1,400 పౌండ్లకు పక్క ఊరి లీడ్స్ సిటీ కొనుక్కుంది. ఆ రోజుల్లో అది పెద్ద మొత్తం. వారానికి 4 పౌండ్ల లెక్కన 350 వారాల జీతం. ఆ డబ్బు ఒక క్లబ్బు నుంచి ఇంకో క్లబ్బుకు వెళ్లింది. స్పియర్స్‌కు మాత్రం లీడ్స్‌లోనూ జీతం హద్దు అదే.

ఈ ఏర్పాటు ఎలా పనిచేసేదో సూటిగా చెబుతాను. ఆటగాడి పేరు నమోదు క్లబ్బు చేతిలో ఉండేది. సీజను ముగిశాక, ఒప్పందం తీరిపోయాక కూడా, మేము ఇతన్ని అట్టిపెట్టుకుంటున్నాం అని క్లబ్బు ఒక జాబితాలో రాస్తే చాలు. అతను లీగ్‌లో ఇంకెవరికీ ఆడలేడు. క్లబ్బు జీతం ఇవ్వకపోయినా సరే, వదలకపోతే వదలనట్టే. వెళ్లాలంటే క్లబ్బు అడిగిన ధర ఎవరో ఇవ్వాలి. ఇనుప కార్ఖానాలో ఫిట్టరు ఈ శనివారం లెక్క తీసుకుని సోమవారం ఎదుటి కార్ఖానాలో చేరవచ్చు. ఫుట్‌బాల్ ఆటగాడు చేరలేడు. ఆటగాళ్ల సంఘం దీనిపై కోర్టుకు వెళ్లింది. ఆస్టన్ విల్లా క్లబ్బుపై హెర్బర్ట్ కింగబీ అనే ఆటగాడు వేసిన దావా 1912లో వీగిపోయింది. ఖర్చులకు సంఘం దాదాపు చితికిపోయింది. స్పియర్స్ అమ్మకం జరిగింది ఆ ఏడాది చివరనే. ఈ జీతం హద్దు 1961 దాకా పోలేదు. అట్టిపెట్టుకునే నియమం కోర్టులో దెబ్బతిన్నది 1963లో.

ఆ సంఘం తరఫున నిలబడినవాళ్లలో ఇద్దరు మన కథలోనివారే. 1911 ఫైనల్లో న్యూకాసిల్ నాయకుడు కోలిన్ వీచ్ ఒకడు. బ్రాడ్‌ఫర్డ్‌లో స్పియర్స్‌తో కలిసి ఆడిన ఎవలిన్ లింటాట్ ఇంకొకడు. లింటాట్ బడిపంతులు. ఇంగ్లండ్‌కు ఆడాడు, సంఘానికి అధ్యక్షత వహించాడు. అతని పేరు మళ్లీ వస్తుంది.

లీడ్స్ సిటీ అప్పుడు రెండో డివిజన్‌లో ఉంది. కొత్త మేనేజరు హెర్బర్ట్ చాప్‌మన్. తర్వాత హడర్స్‌ఫీల్డ్‌ను, ఆర్సెనల్‌ను ఇంగ్లండ్‌లో మేటి జట్లుగా నిలబెట్టినవాడు ఇతనే. జట్టును ఆట నేర్చిన అనుభవజ్ఞుడి చుట్టూ కట్టాలన్నది చాప్‌మన్ పద్ధతి. స్పియర్స్‌ను అందుకే తెచ్చాడు. బిల్లీ మెక్లౌడ్ గోళ్లు కొట్టేవాడు, స్పియర్స్ బంతి అందించేవాడు, తనూ కొట్టేవాడు. లీడ్స్‌కు 73 లీగ్ మ్యాచ్‌ల్లో 32 గోళ్లు కొట్టాడు. బ్రాడ్‌ఫర్డ్‌కు 86 లీగ్ మ్యాచ్‌ల్లో 29. లీడ్స్ 1912-13లో ఆరో స్థానంలోనూ, మరుసటి ఏడాది నాలుగో స్థానంలోనూ నిలిచింది. నాలుగో స్థానం అంటే పైకి వెళ్లే రెండు చోట్లకు రెండు మెట్ల దూరం. చరిత్రలో ఆ ఏడాది గురించి ఒక్క వాక్యం కూడా కష్టంగా దొరుకుతుంది. నాకైతే స్పియర్స్ ఎంత మంచి పనివాడో ఇక్కడే కనిపిస్తుంది. పేరు అప్పటికే వచ్చేసింది, దేశమంతా తెలిసిన గోలు కొట్టేశాడు, వయసు ఇరవై ఎనిమిది. కింది డివిజన్‌లో, వర్షంలో, నీళ్లు పీల్చి రాయిలా బరువెక్కిన తోలు బంతిని తలతో కొడుతూ ముందుకంటే ఎక్కువ గోళ్లు కొట్టాడు. ఆ రెండేళ్ల గురించి నేను ఇంకో గంట మాట్లాడగలను.

1914 ఆగస్టులో యుద్ధం. ఫుట్‌బాల్ ఆగలేదు. పత్రికలు మండిపడ్డాయి. కుర్రాళ్లు ఫ్రాన్స్‌లో చస్తుంటే వీళ్లు డబ్బుకు బంతి తంతున్నారని రాశాయి. అలా రాసినవాళ్లు గుర్రప్పందేల గురించి అంత కోపంగా రాయలేదు. ఆటగాళ్లకు ఒప్పందాలున్నాయి, తప్పుకోవడం వారి చేతిలో లేదు, ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. ఎడిన్‌బరోలో హార్ట్స్ జట్టువాళ్లు నవంబర్‌లో మూకుమ్మడిగా సైన్యంలో చేరారు. డిసెంబర్‌లో లండన్‌లో ఫుట్‌బాల్ ఆటగాళ్లకే ఒక దళం పెట్టారు. లీగ్ 1915 ఏప్రిల్ దాకా సాగి ఆగింది.

సీజను ముగిసింది, ఒప్పందం తీరింది. మే నెలలో స్పియర్స్ కామెరాన్ హైలాండర్స్ అనే స్కాట్లండ్ సైనిక దళంలో చేరాడు. అప్పటికి బ్రిటన్‌లో నిర్బంధ సైనిక సేవ లేదు, అది 1916లో వచ్చింది. అతనికి పెళ్లయింది, ఇద్దరు పిల్లలు. ఎవరూ బలవంతం చేయలేదు. ఎందుకు వెళ్లాడని నన్ను ఎప్పుడూ అడుగుతారు. నేను జవాబు కల్పించను. ఒక్కటి మాత్రం గమనించాను. చేపట్టిన సీజను పూర్తిచేసి, అప్పుడు వెళ్లాడు.

1917 వసంతంలో ఫ్రాన్స్‌లోని ఆరాస్ ఊరి దగ్గర జరిగిన పోరులో చూపిన ధైర్యానికి మిలిటరీ మెడల్ ఇచ్చారు. సార్జెంటు అయ్యాడు. జూలై 31న బెల్జియంలో, ఈప్ర ఊరి బయట, పాషెండేల్ పోరు మొదలైంది. ఆగస్టంతా వాన. ఫిరంగులు దున్నిన నేల బురద గుంటలైంది. ఆగస్టు 20న ఒక తునక స్పియర్స్ తొడకు తగిలింది. పాకుతూ ఒక గుంటలోకి వెళ్లాడు. తిరిగి రాలేదు. ముందు కనిపించడం లేదని రాశారు. యుద్ధం ముగిశాక పొలాల్లో చెదిరి ఉన్న సమాధులను ఒకచోట చేర్చి కట్టిన డోకీ ఫార్మ్ శ్మశానంలో ఇప్పుడు అతని రాయి ఉంది. చుట్టూ ఉన్నవాటిలో సగానికి పైగా పేరు తెలియని రాళ్లే. అతనికి ముప్ఫై ఒక్క ఏళ్లు.

బడిపంతులు లింటాట్ అంతకు ఏడాది ముందు, 1916 జూలై 1న, ఫ్రాన్స్‌లో సోమ్ పోరు మొదటి రోజున సెర్ ఊరి ముందు పోయాడు. కొండలా నిలబడ్డ బాబ్ టొరెన్స్ 1918 ఏప్రిల్‌లో పోయాడు. ఒక్క బ్రాడ్‌ఫర్డ్ సిటీ క్లబ్బే తొమ్మిదిమంది ఆటగాళ్లను పోగొట్టుకుంది.

మిగిలింది లీడ్స్ సిటీ సంగతి. యుద్ధకాలంలో లీగ్ లేదు, ఊళ్ల మధ్య చిన్న పోటీలు జరిగేవి. వాటిలో ఆడినవాళ్లకు జీతం ఇవ్వకూడదన్నారు. లీడ్స్ చాటుగా ఇచ్చిందని ఆరోపణ వచ్చింది. లెక్కల పుస్తకాలు చూపమంటే క్లబ్బు చూపలేదు. 1919 అక్టోబర్‌లో లీగ్ దాన్ని బహిష్కరించింది. ఆటకు డబ్బు ఇచ్చారన్న నేరానికి ఆ క్లబ్బు అంతరించింది. అక్టోబర్ 17న లీడ్స్‌లోని మెట్రోపోల్ హోటల్‌లో దాని ఆస్తులను వేలం వేశారు. ఆస్తుల్లో ఆటగాళ్లు కూడా ఉన్నారు. వివిధ క్లబ్బుల పెద్దలు వచ్చి కూర్చున్నారు. ఒక్కొక్క పేరుకు ఒక్కొక్క ధర, కొందరికి వెయ్యి పౌండ్లు పలికింది. స్పియర్స్ పక్కన ఆడిన బిల్లీ మెక్లౌడ్‌ను ఆ రోజే నాట్స్ కౌంటీ కొనుక్కుంది. స్పియర్స్ బతికి ఉంటే ముప్ఫై మూడేళ్లవాడు, ఆ జాబితాలో అతని పేరు పక్కన కూడా ఒక అంకె ఉండేది.